ముఖాల కోసం లెక్కలు కట్టిన ఇంజినీరు

కొత్తగా కెమెరా కొన్నారా? లేదంటే అన్నయ్య వాడి పక్కన పెట్టేసింది మీ చేతికొచ్చిందా? ఏదైనా సరే, రెండు మూడు నెలల్లో మీకో ప్రశ్న ఎదురవుతుంది. కెమెరాతో వచ్చిన జూమ్ లెన్సుతో మనుషుల ఫొటోలు అంత బాగా రావట్లేదు. ఒక ప్రైమ్ లెన్సు, అంటే జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంత్ ఉండే లెన్సు కొనాలి. మరి 35 ఎంఎం కొనాలా, 50 కొనాలా, 85 కొనాలా? అడిగితే తలా ఒక మాట చెబుతారు. చేతిలో ఉన్న డబ్బు చూస్తే ఒక్కదానికే సరిపోతుంది.

నాకూ ఇదే ప్రశ్న ఎదురైంది. బీటెక్ అయ్యాక మొదటి ఉద్యోగంలో నాలుగు నెలలు కూడబెట్టి 85 ఎంఎం కొన్నాను. పోర్ట్రెయిట్ అంటే 85 అని ఎక్కడో చదివాను, అంతే. ఆ వారమే మా అక్క కూతురి బారసాల. డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్, ఇంటి నిండా చుట్టాలు. గోడకి వీపు ఆనించినా, బాల్కనీలోకి వెళ్లి నిలబడినా నా ఫ్రేములో ఒక్క ముఖమే పడుతోంది. చివరికి ఫ్యామిలీ ఫొటో ఫోనుతో తీశాను. లెన్సు మంచిదే. తప్పు నాది. లెక్క చూసుకోకుండా కొన్నాను.

ఈ లెక్కను మనకంటే చాలా ముందే వేసిన మనిషి ఒకరున్నారు. ఆయనా మనలాగే ఇంజినీరింగ్ చదివారు. మొదటి ఉద్యోగంలో కాలువలు, మురుగు పనులు చూశారు. తర్వాత మనుషుల ముఖాల కోసమే ప్రత్యేకంగా ఒక లెన్సును కాగితం మీద లెక్కకట్టి తయారు చేయించారు. ఆయన పేరు జోసెఫ్ పెట్జ్‌వాల్. ఆప్టిక్స్ చదివినవాళ్లకు పెట్జ్‌వాల్ సమ్, పెట్జ్‌వాల్ ఫీల్డ్ కర్వేచర్ అన్న మాటలు గుర్తుండే ఉంటాయి. ఆ పెట్జ్‌వాల్ ఈయనే. ఆయన జీవితంలో లెన్సు కొనేవాళ్లకు ఒక పాఠం ఉంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు అంతకంటే పెద్ద పాఠం ఉంది.

లెక్కలంటే భయపడ్డ కుర్రాడు

పెట్జ్‌వాల్ 1807 జనవరి 6న పుట్టారు. ఊరి పేరు ఇప్పుడు స్పిష్‌స్కా బెలా, స్లొవేకియాలో ఉంది. అప్పట్లో అది హంగరీ రాజ్యంలో భాగం. తండ్రి బడి పంతులు. చర్చిలో సంగీతం పనీ చూసేవారు. పంతులుగారి అబ్బాయి కాబట్టి లెక్కల్లో దిట్ట అయ్యుంటాడని అనుకుంటాం. కానీ ఆయన గురించి చెప్పుకునే కథ వేరు. మిగతా సబ్జెక్టులన్నీ బాగానే వచ్చేవట, లెక్కలే వచ్చేవి కావట. ఇక చదువు సాగదని ఇంట్లోవాళ్లు చెప్పులు కుట్టే పనిలో పెట్టాలని కూడా అనుకున్నారట. ఆ వేసవి సెలవుల్లో, మళ్లీ రాయాల్సిన లెక్కల పరీక్ష కోసం ఒక గణిత పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. అది పూర్తయ్యేసరికి లెక్కలంటే ఇష్టం పుట్టిందని చెబుతారు.

ఈ కథలో ఎంత నిజం, ఎంత కల్పన అన్నది పక్కన పెడదాం. తర్వాత జరిగింది మాత్రం రికార్డుల్లో ఉంది. 1826లో ఆయన పెస్ట్ నగరం చేరారు. నేటి బుడాపెస్ట్‌లో ఒక భాగం ఆ పెస్ట్. అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంజినీర్లను తయారు చేసే సంస్థలో చదివి, 1828లో ఇంజినీరుగా బయటికొచ్చారు. అప్పటికి వయసు 21.

మొదటి ఉద్యోగం: వరదలూ, మురుగు కాలువలూ

క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో కోరుకున్న కంపెనీ రాలేదని బాధపడుతున్నారా? పెట్జ్‌వాల్‌కి మొదట దొరికిన పని చూడండి. నగరపాలనలో ఇంజినీరు. ఊరి పక్కనే డాన్యూబ్ నది. వరద వస్తే ఊరు మునుగుతుంది. కట్టలు, కాలువలు, మురుగునీటి పారుదల, ఇవీ ఆయన రోజువారీ పనులు. లెన్సుకీ ఈ పనికీ సంబంధమే లేదనిపిస్తుంది.

పగలు ఉద్యోగం చేస్తూనే ఆయన చదువు వదల్లేదు. గణితంలో పరిశోధన చేస్తూ, అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1835లో పెస్ట్‌లోనే ప్రొఫెసర్ అయ్యారు. 1837లో వియన్నా విశ్వవిద్యాలయం గణిత పీఠానికి వెళ్లారు. అక్కడే 40 ఏళ్లు, 1877లో రిటైరయ్యేదాకా పనిచేశారు.

మనిషి ఎలా ఉండేవారంటే, పుస్తకాల పురుగు అనుకుంటే పొరపాటే. కత్తిసాములో మంచి పేరుండేది. తర్వాతి రోజుల్లో వియన్నా దగ్గర కాలెన్‌బర్గ్ కొండ మీద, ఖాళీ చేసిన పాత మఠంలో నివాసం పెట్టి, నల్లటి గుర్రమెక్కి క్లాసులకు వచ్చేవారని చెబుతారు. వాదనకు దిగితే వెనక్కి తగ్గే రకం కాదు. ఈ స్వభావం ఆయనకు మేలూ చేసింది, కీడూ చేసింది.

1839: ఫొటో పుట్టింది, మనిషి ముఖం మాత్రం రాలేదు

1839లో పారిస్‌లో డాగెర్ తన ఫొటో తీసే పద్ధతిని ప్రపంచానికి చూపించారు. వెండి పూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పడేది. అందరూ ఆశ్చర్యపోయారు. ఒక చిక్కు మాత్రం మిగిలిపోయింది. బొమ్మ పడటానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. భవనాలు కదలవు కాబట్టి వాటి ఫొటోలు వచ్చేవి. మనిషి ఎండలో అంతసేపు రెప్పవేయకుండా, మెడ తిప్పకుండా ఎలా కూర్చుంటాడు?

అసలు ఇబ్బంది లెన్సుది. అప్పటి కెమెరాలకు పారిస్‌లో షెవాలియే తయారుచేసిన లెన్సు వాడేవారు. దాని అపర్చర్ సుమారు ఎఫ్/15. మీ కెమెరాలో ఒకసారి ఎఫ్/16 పెట్టి గదిలో ఫొటో తీసి చూడండి, ఎంత చీకటిగా వస్తుందో తెలుస్తుంది. పైగా వాళ్ల రేకులకు నేటి సెన్సర్‌తో పోలిస్తే వెలుతురును పట్టే శక్తి చాలా చాలా తక్కువ.

వియన్నా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ఎట్టింగ్స్‌హౌజెన్ అప్పుడు పారిస్‌లో ఉన్నారు. ఆ పద్ధతిని అక్కడే స్వయంగా చూశారు. తిరిగొచ్చి పెట్జ్‌వాల్‌తో ఈ చిక్కు గురించి మాట్లాడారు. ఎక్కువ వెలుతురు లోపలికి పంపే లెన్సు కావాలి, బొమ్మ మాత్రం చెడకూడదు. గణితం ప్రొఫెసరుకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

మనుషులే కంప్యూటర్లు

ఆ రోజుల్లో లెన్సులు చాలావరకు చేతి అనుభవంతో తయారయ్యేవి. గాజును సానపట్టడం, చూడటం, నచ్చకపోతే మళ్లీ సానపట్టడం. పెట్జ్‌వాల్ దారి వేరు. ఒక్కో కాంతి కిరణం ఒక్కో గాజు ఉపరితలం దగ్గర ఎంత వంగుతుందో ముందే లెక్కకట్టాలి. గాజు ముక్క గుండ్రం కాస్త మారిస్తే మళ్లీ మొదటి నుంచి లెక్క. లాగరిథమ్ పట్టికలు తప్ప వేరే సాధనం లేదు. ఒక్కడు కూర్చుంటే ఏళ్లు పడుతుంది.

ఇక్కడ ఆయనకు ఊహించని సాయం దొరికింది. ఆస్ట్రియా ఫిరంగి దళాలకు అధిపతి ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్. గుండు ఎక్కడ పడుతుందో తేల్చాలి కాబట్టి ఫిరంగి దళంలో లెక్కలు బాగా వచ్చిన సైనికులు ఉండేవారు. వాళ్లలో పది మంది దాకా పెట్జ్‌వాల్‌కి అప్పగించారు. గుండ్ల దారి లెక్కేసే చేతులు కిరణాల దారి లెక్కేశాయి. ఒకరకంగా అది ఆ కాలపు ప్యారలల్ ప్రాసెసింగ్. పని చిన్న చిన్న ముక్కలు చేసి, అందరికీ పంచి, ఫలితాలు తిరిగి కలపడం. పెద్ద సమస్య చేతికొచ్చినప్పుడు ఒంటరిగా కుస్తీ పట్టకుండా సాయం అడగడం ఆయనకు తెలుసు.

1840లో డిజైన్ సిద్ధమైంది. వియన్నాలోనే కళ్లజోళ్లు, దూరదర్శినుల లాంటివి చేసే ఫోక్ట్‌లెండర్ సంస్థ దాన్ని గాజులోకి తెచ్చింది. మొత్తం నాలుగు గాజులు, రెండు జతలుగా. ముందు జత ఒకదానికొకటి అతికించి ఉంటుంది. వెనక జత మధ్య సన్నటి గాలి సందు ఉంటుంది. అపర్చర్ ఎఫ్/3.6. పాత ఎఫ్/15తో పోల్చండి. 15ని 3.6తో భాగించి వర్గం చేస్తే 17కి కాస్త పైన వస్తుంది. అంటే సుమారు 17 రెట్ల వెలుతురు! సరిగ్గా అదే సమయంలో రేకులకు పూసే రసాయనాలను కూడా వేరేవాళ్లు మెరుగుపరిచారు. రెండూ కలిసి, నిమిషాలు పట్టే పని సెకన్లలోకి దిగింది. మనిషి ముఖం ఫొటోలోకి వచ్చింది. ఊరూరా పోర్ట్రెయిట్ స్టూడియోలు వెలిశాయి.

ఆయన వదులుకున్నది ఏమిటి?

కొత్త లెన్సు కొనేముందు మీరు జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే. పెట్జ్‌వాల్ లెన్సుకి లోపాలున్నాయి. మధ్యలో బొమ్మ చాలా పదునుగా వస్తుంది. అంచులకు వెళ్లేకొద్దీ మసకబారుతుంది. కారణం ఫీల్డ్ కర్వేచర్. లెన్సు బొమ్మను చదునైన రేకు మీద కాకుండా, గిన్నె లోపలి భాగంలా వంగిన తలం మీద పరుస్తుంది. మధ్యలో ఫోకస్ కుదిరితే అంచుల్లో కుదరదు.

అయితే ముఖం ఎక్కడుంటుంది? మధ్యలోనే కదా. అంచుల్లో ఉండేది కుర్చీ, తెర. అవి కాస్త మసకబారితే నష్టమేముంది? వెలుతురు కావాలి, మధ్యలో పదును కావాలి, అంచులు పోతే పోనీ. పోర్ట్రెయిట్ లెన్సులో రాజీ ఇలా కుదిరింది. అదే సమయంలో ఆయన ఇంకో లెన్సు కూడా లెక్కకట్టారు. అది ప్రకృతి దృశ్యాల కోసం. అందులో వెలుతురు తగ్గినా ఫర్వాలేదు, అంచుల దాకా బొమ్మ బాగుండాలి. అన్నిటికీ పనికొచ్చే ఒకే లెన్సు కోసం ఆయన పాకులాడలేదు. పనిని బట్టి లెన్సు.

మనం చేసే తప్పు ఇక్కడే. ఏది బెస్ట్ లెన్సు అని అడుగుతాం. ఎవరి ఫొటో, ఎక్కడ, ఎంత జాగాలో తీయబోతున్నాం అన్నది అడగం.

ఆయన లెన్సు మన భాషలో ఎంత?

1841లో ఫోక్ట్‌లెండర్ ఈ లెన్సుతో పూర్తిగా లోహంతో చేసిన కెమెరా అమ్మకానికి పెట్టింది. లెన్సు ఫోకల్ లెంత్ 149 ఎంఎం. బొమ్మ గుండ్రంగా, 94 ఎంఎం వ్యాసంతో వచ్చేది. 149 అనగానే టెలిఫొటో అనుకోకండి. ఫోకల్ లెంత్ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, బొమ్మ పడే జాగా ఎంతో కూడా చూడాలి. నేటి ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మూలల మధ్య దూరం సుమారు 43 ఎంఎం. 149ని 94తో భాగించి 43.3తో గుణిస్తే 69 వస్తుంది. అంటే ప్రపంచపు తొలి పోర్ట్రెయిట్ లెన్సు నేటి ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద సుమారు 69 ఎంఎం లాంటిది. 50కీ 85కీ దాదాపు మధ్యలో!

ఇప్పుడు మీ కెమెరా సంగతి. మనలో చాలామంది దగ్గర ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్, వాడుకలో క్రాప్ బాడీ. నికాన్, సోనీ, ఫ్యూజీల్లో 1.5తో, కెనాన్‌లో 1.6తో గుణించాలి. 50 ఎంఎం పెడితే 75 లేదా 80 అవుతుంది. 85 పెడితే 127 లేదా 136. అంటే మామూలుగా తక్కువ ధరకు దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు మీ క్రాప్ బాడీ మీద పెట్జ్‌వాల్ కోణానికి దగ్గరగానే ఉంటుంది. పైగా ఎఫ్/3.6తో పోలిస్తే నాలుగు రెట్ల వెలుతురు. నేను బారసాలకు పట్టుకెళ్లింది క్రాప్ బాడీ మీద 85. అది 127 అయి కూర్చుంది!

ఇంకో విషయం. ముఖం ఆకారాన్ని మార్చేది ఫోకల్ లెంత్ కాదు, మీరు నిలబడే దూరం. ఫుల్ ఫ్రేమ్ కెమెరా నిలువుగా పట్టుకుని, తల నుంచి ఛాతీ దాకా 60 సెంటీమీటర్లు ఫ్రేములో నింపాలనుకోండి. సరూప త్రిభుజాలు వేస్తే చాలు. 35 ఎంఎంతో సుమారు 58 సెంటీమీటర్ల దూరంలో నిలబడాలి. 50తో 83 సెంటీమీటర్లు, 85తో 1.4 మీటర్లు, 135తో 2.25 మీటర్లు. ముక్కు కొస నుంచి చెవులు ఓ 10 సెంటీమీటర్లు వెనక్కి ఉంటాయనుకుందాం. 35తో తీస్తే చెవులతో పోల్చినప్పుడు ముక్కు 17 శాతం పెద్దగా పడుతుంది. 50తో 12 శాతం, 85తో 7 శాతం, 135తో 4 శాతం. దగ్గరికెళ్లి తీస్తే ముక్కు ఎందుకు ఉబ్బినట్టు వస్తుందో అర్థమైందిగా? సెల్ఫీల్లో జరిగేదీ ఇదే.

అలా అని 135 కొనేయకండి. హాస్టల్ గది 10 అడుగులు, 12 అడుగులు అనుకుందాం. పొడవు సుమారు 3.6 మీటర్లు. మనిషిని తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త జాగాతో 2 మీటర్ల ఎత్తున ఫ్రేములో పట్టాలి. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎంతో 4.7 మీటర్ల దూరం కావాలి. గోడ బద్దలు కొట్టాల్సిందే. 50తో 2.8 మీటర్లు చాలు. క్రాప్ బాడీ మీద అదే 50కి 4.2 మీటర్లు కావాలి, గదిలో పట్టదు. క్రాప్ మీద 35 అయితే 3 మీటర్లతో సరిపోతుంది. కొనేముందు టేపు పట్టుకుని మీరు ఎక్కువగా ఫొటోలు తీసే చోటును కొలవండి. రివ్యూలు చదవడం కంటే ఆ పది నిమిషాలే ఎక్కువ పనికొస్తాయి.

2000 గుల్డెన్లు, ఒకేసారి

మళ్లీ పెట్జ్‌వాల్ దగ్గరికి వద్దాం. లెన్సు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఐరోపా, అమెరికా స్టూడియోలన్నిటికీ కావాల్సింది అదే. మరి దాన్ని లెక్కకట్టిన మనిషికి దక్కింది ఎంత? ఒకేసారి ఇచ్చిన 2000 గుల్డెన్లు. అంతే. అమ్మిన ప్రతి లెన్సు మీదా వాటా లాంటిదేమీ లేదు.

పేటెంటు సంగతి ఇంకా విచారం. రక్షణ దొరికింది ఆస్ట్రియా వరకే. సరిహద్దు దాటితే ఎవరైనా చేసుకోవచ్చు. చేసుకున్నారు కూడా. ఇతర దేశాల తయారీదారులు అదే డిజైన్‌తో లెన్సులు అమ్మేశారు. 1845 నాటికే పెట్జ్‌వాల్‌కీ ఫోక్ట్‌లెండర్‌కీ చెడింది. తర్వాత ఆ సంస్థ జర్మన్ నగరం బ్రౌన్‌ష్వైగ్‌లో కర్మాగారం పెట్టి, ఆస్ట్రియా పేటెంటు చేయి చాచలేని చోట లెన్సులు చేస్తూ పోయింది. హక్కుల కోసం ఏళ్ల తరబడి గొడవ నడిచింది. 1850ల చివర్లో తన పాత ప్రకృతి దృశ్యాల లెన్సును పెట్జ్‌వాల్ వేరే తయారీదారుతో బయటికి తెచ్చారు. ఫోక్ట్‌లెండర్ కూడా తన దగ్గరున్న పాత లెక్కలతో అదే రకం లెన్సును మార్కెట్లో పెట్టింది. ఇంకో విడత గొడవ.

ఇందులో తప్పెవరిది అని తీర్పు చెప్పడం నా పని కాదు. ఫోక్ట్‌లెండర్ నైపుణ్యం లేకపోతే ఆ లెక్కలు కాగితం మీదే ఉండిపోయేవి. కానీ వేలాది కిరణాల దారి లెక్కేసిన మనిషి, తనకు రావాల్సింది ఏమిటో నాలుగు వాక్యాల్లో గట్టిగా రాయించుకోలేకపోయారు.

ఇది మీకు దూరపు కథ కాదు. డిగ్రీలో ఉండగానే పెళ్లి ఫొటోలకో, యాప్ తయారీకో, లోగో డిజైన్‌కో ఫ్రీలాన్స్ పనులు ఒప్పుకుంటున్నారు. మన కాపీరైట్ చట్టం-1957లో 17వ సెక్షన్ ఒకసారి చూడండి. ఎవరైనా డబ్బిచ్చి మీతో ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫొటోకి మొదటి హక్కుదారు వాళ్లే, మీరు కాదు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనిమీద కూడా, వేరే ఒప్పందం లేకపోతే, సాధారణంగా హక్కు యజమానిదే. ఆ ఫొటోలు మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలంటే ముందే ఒక కాగితం మీదో మెయిల్‌లోనో రాయించుకోవాలి. పేటెంటు విషయంలో నేటికీ పెట్జ్‌వాల్ నాటి నియమమే. ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే చెల్లుతుంది. ఆఫర్ లెటర్ రాగానే జీతం అంకె చూసి సంతకం పెట్టేస్తాం. ఆ కింద ఉన్న పేజీలు కూడా చదవండి.

1859: ఒక్క రాత్రిలో పోయిన ఏళ్ల పని

గొడవలు నడుస్తుండగానే పెట్జ్‌వాల్ ఆప్టిక్స్ మీద పెద్ద గ్రంథానికి సిద్ధమవుతున్నారు. తన పద్ధతులన్నీ, ఏళ్ల తరబడి వేసిన లెక్కలన్నీ రాతప్రతుల్లో ఉన్నాయి. 1859లో ఆయన ఇంట్లో దొంగలు పడ్డారు. ఆ రాతప్రతులు నాశనమయ్యాయి. రెండో కాపీ లేదు.

అప్పటికి ఆయనకు 52 ఏళ్లు. మళ్లీ మొదటి నుంచి రాసే ఓపిక లేకపోయింది. ఆ గ్రంథం ఎప్పటికీ రాలేదు. ఆయన ఆప్టిక్స్ వదిలేసి ధ్వనిశాస్త్రం వైపు మళ్లారు. తాను లెన్సు దగ్గరికి ఏ దారిలో వచ్చారన్నది ఆయన పూర్తిగా చెప్పకుండానే మిగిలిపోయింది. చరిత్రకారులు ఆ లెన్సు చూసి, వెనక్కి లెక్కలు వేసుకోవాల్సి వచ్చింది.

ఫైనలియర్ ప్రాజెక్టు మొత్తం ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పెళ్లి ఫొటోలన్నీ ఒకే మెమరీ కార్డులో ఉంచుకున్నవాళ్లు కూడా. పెట్జ్‌వాల్ కాలంలో కాపీ తీయడమంటే చేత్తో తిరిగి రాయడమే. మనకు ఆ కష్టం లేదు, కాబట్టి ఆ సాకూ లేదు. ఈరోజే ఒక కాపీ వేరే చోట పెట్టండి.

చివరి రోజులు

1869లో, అరవై దాటాక, పెట్జ్‌వాల్ తన ఇంటి పనులు చూసే ఆమెను పెళ్లి చేసుకున్నారు. నాలుగేళ్లకే ఆమె చనిపోయారు. 1877లో ఉద్యోగం నుంచి విరమించుకున్నాక మనుషులకు ఇంకా దూరమయ్యారు. ఆస్ట్రియా, హంగరీ విజ్ఞాన అకాడమీలు సభ్యత్వంతో గౌరవించాయి. కానీ పోర్ట్రెయిట్ లెన్సు విషయంలో తనకు జరిగిందన్న అన్యాయం ఆయన మనసులోంచి పోలేదు. 1891 సెప్టెంబర్ 17న వియన్నాలో కన్నుమూశారు. అప్పటికి ప్రపంచమంతటా స్టూడియోల్లో కోట్ల ముఖాలు ఫొటోలకెక్కాయి. ఎంతమందికి ఆయన పేరు తెలుసో చెప్పడం కష్టం.

లెన్సు మాత్రం ఆగలేదు. మంచి వెలుతురు, మధ్యలో పదును అవసరమైన చోటల్లా దాని నమూనాయే పనికొచ్చింది. మేజిక్ లాంతర్లలోనూ, తర్వాత సినిమా ప్రొజెక్టర్లలోనూ చాలాకాలం ఈ రకం లెన్సులే వాడారు. చంద్రుడికి అవతలి వైపున్న ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు. ఆయన పుట్టిన ఊళ్లో, ఆ ఇంట్లోనే ఫొటో సాంకేతికత మీద మ్యూజియం ఉంది.

2013లో లోమోగ్రఫీ అనే సంస్థ ఆయన డిజైన్‌ను నేటి కెమెరాలకు తగ్గట్టు మార్చి, ఇత్తడి గొట్టంలో మళ్లీ తెచ్చింది. ఏ ఫోకల్ లెంత్ ఎంచుకున్నారో తెలుసా? ముందు 85, తర్వాత 58. నూట డెబ్బై ఏళ్లు గడిచినా అటూ ఇటూ 69 దగ్గరే! ఆయన లోపమనుకున్న అంచుల మసక, గిరగిరా తిరిగినట్టు కనిపించే వెనక భాగం, ఇప్పుడు జనం డబ్బిచ్చి కొనుక్కునే అందమైంది.

మరి ఏది కొనాలి?

ఇంతదూరం వచ్చారు కాబట్టి నా సలహా చెప్పేస్తాను. క్రాప్ బాడీ ఉండి, ఒక్కదానికే డబ్బుంటే 50 ఎంఎం ఎఫ్/1.8 కొనండి. ముఖాలు బాగొస్తాయి, చీకటి గదుల్లో పనికొస్తుంది, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతుంది, తర్వాత అమ్ముకోవడమూ తేలికే. మీ ఫొటోలు ఎక్కువగా ఇళ్లలో, బారసాలల్లో, హాస్టల్ గదుల్లో ఉంటాయంటే 35 వైపు వెళ్లండి. అయితే ముఖానికి మరీ దగ్గరగా వెళ్లకండి. మైదానంలో, కల్యాణ మండపంలో, కాలేజీ ఫెస్ట్‌లో దూరం నుంచి తీసేవాళ్లకే 85. ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్లు ఒక మెట్టు పైకి జరపండి, అంటే ఇళ్లలో 50, బయట 85. 135 అన్నది పని దొరికాక, సంపాదన మొదలయ్యాక ఆలోచించాల్సింది.

నా 85 ఇంకా నా దగ్గరే ఉంది. బారసాల తర్వాత రెండు నెలలు దాచి 35 కొన్నాను. మొన్న అక్క కూతురి అయిదో పుట్టినరోజుకి రెండూ పట్టుకెళ్లాను. ఇంట్లో అందరి ఫొటో 35తో వచ్చింది. కేక్ ముందు కొవ్వొత్తి ఊదుతున్న పిల్ల ముఖం, హాలు ఈ చివర నిలబడి, 85తో. ఈసారి వెళ్లేముందే బావగారికి ఫోన్ చేసి, హాలు పొడవు ఎన్ని అడుగులో కనుక్కున్నాను.